ఎనిమిదీ నలభై

ప్రతి బుధవారం రాత్రి ఎనిమిదీ నలభైకి
పది నిమిషాలు ప్రతిపక్షానివి.
చట్టంలో ఉంది.
నా చార్టులోనూ ఉంది, నీలి పెన్సిలుతో.
ఉలాన్‌బాతర్ రేడియో మూడో స్టూడియోలో
ఇరవై రెండేళ్లుగా మీటలు నొక్కుతున్నాను.
ఎవరు గెలిచినా మారనివి నా వేళ్లు.

ఎండాకాలమంతా నొరోవ్‌సంబూ
అరగంట ముందే వచ్చి కూచునేవాడు.
బొగ్గుగని లెక్కలు, మంత్రి బావమరిది కట్టిన వంతెన...
బల్ల గుద్దితే
మీటరు సూది ఎరుపులోకి గెంతేది.
"కాస్త నెమ్మదిగా" అంటే
"నెమ్మదిగా చెబితే వినేదెవరమ్మా" అని నవ్వి
గొంతు బిళ్ల ఒకటి నాకూ ఇచ్చేవాడు.

డిసెంబరులో జుడ్ దిగింది.
గడ్డి మీద మంచు,
మంచు మీద ఒక్క పూట వాన,
తెల్లారేసరికి దేశమంతా గాజు.
మేకలు గిట్టలు అరిగేదాకా గీకి గీకి
నిలబడ్డచోటే నిలబడిపోయాయి.
మొదట వేలన్నారు, తరవాత లక్షలన్నారు,
ఆ తరవాత అంకె మానేసి
"గణనీయంగా" అని చదవమన్నారు.

మొదటి బుధవారం కుర్చీ ఖాళీ.
జలుబట.
రెండో బుధవారం పార్టీ ఆఫీసు కుర్రాడు
ఎవరో రాసిచ్చినట్టు అప్పజెప్పాడు:
"ఇది రాజకీయాలకు సమయం కాదు."
మూడోసారి ఫోను మోగి మోగి ఊరుకుంది.

కాదేమో. సరే.
గడ్డి లారీలు ఎవరి గుడారం ముందు ఆగాయో,
ఎవరి గుడారం దాటి వెళ్లిపోయాయో
అడగడం రాజకీయమా, గడ్డా?

సియోల్‌లో ఆపరేషనన్నారు కొందరు.
కాదు, ప్రధానితో రాజీ అన్నారు.
మంత్రివర్గం తప్పులన్నీ పండనిచ్చి
వసంతంలో కోసుకుంటాడని మా ఇంజనీరు.
బజార్లో మాంసం కొట్టే సెవ్‌జిద్
కత్తి తుడుచుకుంటూ అంది:
"గొర్రె కసాయిని నమ్మిందంటే సరే.
కసాయిని తిట్టేవాణ్ణి కూడా నమ్మింది చూడు,
దానికే నా ఏడుపు."

ఖాళీ గాలి పంపకూడదు, అది నిబంధన.
గుర్రపుతల ఫిడేలు రికార్డు వేశాను,
పది నిమిషాలు, తొమ్మిది బుధవారాలు.

జవ్‌ఖాన్ నుంచి ట్యాంకరు డ్రైవరు ఒకడు
మడతలు నలిగిన చీటీ తెచ్చిచ్చాడు.
ఖాండ్‌సురెన్ అట, డెబ్భై ఆరేళ్లట.
"వాయిద్యం బాగుంది.
కాని మేం బ్యాటరీ దాచుకునేది ఆయన కోపం కోసం.
మూడు వందల్లో పదకొండు మిగిలాయి.
లోపలికి తెచ్చి పొయ్యి పక్కన పడుకోబెట్టుకున్నాం.
వాటికి కూడా ఆ గొంతు అలవాటే.
మనిషి బతికున్నాడా?
ఉంటే, మా తరపున ఎవరినైనా
ఒక్క తిట్టు తిట్టమనండి."

చదివి చార్టు కింద పెట్టాను.
ఆ బుధవారం ఎర్రదీపం వెలిగింది.
మైకు నా మోచేతికి జానెడు దూరంలో ఉంది.
చీటీ చదవడానికి రెండు నిమిషాలు చాలు.
పెన్షనుకు ఇంకా నాలుగేళ్లుంది.
ఫిడేలు వేశాను.
ముఖం చాటేసినవాళ్ల లెక్క తీసేటప్పుడు
ఒకటి దగ్గర ఆపకండి.

ఏప్రిల్లో మంచు కరిగి
కింద ఉన్నవన్నీ పైకి తేలాక
నొరోవ్‌సంబూ వచ్చాడు.
కొత్త కోటు. కొంచెం చిక్కాడు.
ఎందుకు రాలేదో నేనడగలేదు, ఆయన చెప్పలేదు.
కళేబరాల గుట్టల గురించి
ఎంత బాగా మాట్లాడాడని!
బల్ల గుద్దాడు. సూది గెంతింది.
దీపం ఆరాక నా వైపు తిరిగి
"వినబడిందా?" అన్నాడు.

"ఇక్కడికి వినబడింది" అన్నాను.

గొంతు బిళ్ల ఇచ్చాడు. తీసుకున్నాను కూడా.
ట్యాంకరు డ్రైవరు మళ్లీ కనబడలేదు.
మా మీటరు ఇక్కణ్ణుంచి వెళ్లేదాన్నే కొలుస్తుంది.
అటువైపు బ్యాటరీ
ఫిబ్రవరి దాటిందో లేదో
చెప్పే సూది మా దగ్గర లేదు.